నీడ పెరట్లో ఆకుసంపెంగ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికి వచ్చినవాళ్లు వర్షాకాలం సాయంత్రాల్లో వంటింటి వెనక సందులోకి వెళ్తే ఒకటే మాట అడుగుతారు: "ఎక్కడో అరటిపళ్లు మగ్గుతున్నట్టున్నాయి, కదా?" పళ్లేమీ ఉండవు. అక్కడున్నది ఆకుసంపెంగ పొద. ఆకుల మధ్య వెతికి పువ్వు చూపించగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఇన్నేళ్లలో పోగైన ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట పెడుతున్నాను. కోనసీమలో అమ్మమ్మగారి నూతి పక్కన చిన్నప్పుడు చూసిన పొద, హైదరాబాద్‌లో 2012 వానాకాలంలో నేను నాటిన మొక్క, ఈ రెండే నాకు దీన్ని నేర్పాయి.

ఆకుసంపెంగ అంటే మామూలు సంపెంగేనా?

కాదండి. సింహాచలం పేరు చెప్పగానే గుర్తొచ్చే సంపెంగ పెద్ద చెట్టు. నేల సంపెంగ అని కొందరు పిలిచే లిల్లీ దుంప మొక్క. ఆకుసంపెంగ ఈ రెండింటికీ దగ్గర చుట్టం కాదు, సీతాఫలం కుటుంబంలోది. ఇళ్ల ముందు నిటారుగా పెంచే నరమామిడి కూడా ఈ కుటుంబమే. దీనికి మొదట శాస్త్రీయ నామం పెట్టింది స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ కొడుకు. ఆయన దీన్ని ఏకంగా సీతాఫలం ప్రజాతిలోనే చేర్చాడు. ఇప్పటి పేరు ఆర్టాబోట్రిస్ హెక్సాపెటాలస్. హెక్సాపెటాలస్ అంటే ఆరు రేకులది అని. పాత తోటల పుస్తకాల్లో ఆర్టాబోట్రిస్ ఒడొరాటిస్సిమస్ అని ఉంటుంది, రెండూ ఒకటే.

మనోరంజితం, తీగ సంపెంగ, సకలఫల సంపెంగ అని కూడా అంటారు. దక్షిణ భారతం, శ్రీలంక దీని సొంత నేల. అంటే మన వేసవికీ మన వానకూ అలవాటుపడ్డ మొక్క. అయినా కొత్త కాలనీల్లో ఎక్కడా కనిపించదు. ఎక్కడో పాత పెంకుటింటి పెరట్లో తప్ప.

సగం పొద, సగం తీగ. ఆకు జానెడుకు కాస్త తక్కువ పొడవు, ముదురాకుపచ్చ, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఏడాది పొడవునా ఆకు నిలిచే ఉంటుంది. పువ్వు లేనప్పుడు కూడా పెరట్లో ఉండదగ్గ మొక్క.

నిజంగా నీడలో పెరుగుతుందా? మా సందులో ఎండే రాదు.

అందరికంటే ఎక్కువగా నన్ను అడిగేది ఇదే. జవాబు మీ నీడ ఎలాంటిదో దాన్నిబట్టి ఉంటుంది.

మామిడి చెట్టు కిందో, కొబ్బరి చెట్ల మధ్యో పడేది చిల్లుల నీడ. ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద కదులుతూ ఉంటుంది. ఆకుసంపెంగకు ఇంతకు మించిన చోటు లేదు. అమ్మమ్మగారి పొద కొబ్బరి చెట్ల కిందే ఉండేది. ఎవరూ పట్టించుకోకపోయినా ఏటా పూసేది. రెండోది గోడ నీడ: పొద్దున కాసేపు ఎండ పడి, తర్వాత రోజంతా వెలుతురు మాత్రమే ఉండేది. మా సందు అలాంటిదే. తొమ్మిదిన్నర వరకు ఎండ ఉంటుంది, ఆ తర్వాత పక్కింటి మూడంతస్తులు అడ్డం వస్తాయి. ఇక్కడ కూడా బాగుంటుంది, పూలు మాత్రం కాస్త తక్కువ.

మూడోది రెండు అపార్ట్‌మెంట్ల మధ్య చీకటి సందు. అక్కడ మొక్క చావదు. ఆకు ఇంకా వెడల్పవుతుంది, రంగు ఇంకా ముదురుతుంది. కానీ పూయదు. పచ్చదనం చాలనుకుంటే నాటండి. పువ్వు కావాలనుకుంటే ఆ చోటు వద్దు. నేను చెప్పే చిన్న పరీక్ష ఏంటంటే, పగలు పదకొండు గంటలకు అక్కడ నిలబడి పేపర్ చదవండి. లైటు వేయకుండా చిన్న అక్షరాలు సులువుగా కనబడితే ఆకుసంపెంగ పూస్తుంది.

ఉత్తరం గోడ పక్కన నాటాలనుకునే హైదరాబాద్ వాళ్లకు ఇంకో మాట. మన ఊళ్లో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు. డిసెంబరులో ఎండ మొహం చూడని ఉత్తరపు సందులో మే నెలలో నిప్పులు కురుస్తాయి. శీతాకాలంలో చోటు చూసి "ఇది పూర్తి నీడ" అనుకుని నాటినవాళ్లు వేసవిలో మాడిన ఆకులతో ఫోటోలు పంపుతుంటారు. మొదటి రెండు వేసవులు పైన గ్రీన్ నెట్ కట్టండి. వేళ్లు లోతుకు దిగాక అదే తట్టుకుంటుంది, ఆ ఎండకు పువ్వు కూడా పెరుగుతుంది.

పడమటి గోడ మాత్రం వద్దు. సాయంత్రం దాకా కాలిన గోడ రాత్రి కూడా వేడి కక్కుతుంది.

నర్సరీలో అసలుదే ఇస్తున్నారని ఎలా తెలుస్తుంది?

ఈ విషయంలో నేను మూడేళ్లు పోగొట్టుకున్నాను. మొదట ఒక నర్సరీలో ఆకుసంపెంగ అని ఇచ్చిన మొక్క తెచ్చి అపురూపంగా పెంచాను. పూశాక చూస్తే పొడవాటి సన్నటి రేకులు దారాల్లా వేలాడుతున్నాయి. అది యిలాంగ్ యిలాంగ్. దాని సువాసన గొప్పదే, అదీ సీతాఫలం కుటుంబమే, కానీ నేను వెతుక్కున్నది అది కాదు. పైగా అది చెట్టు జాతి, నా సందుకు సరిపడదు.

అందుకే కొక్కెం చూడండి. ఆకుసంపెంగ పూకాడ వంకర తిరిగి గట్టిపడి, చేపల గాలంలాంటి చెక్క కొక్కెంలా తయారవుతుంది. దాంతోనే పక్క కొమ్మను పట్టుకుని పైకి పాకుతుంది. పూలు కూడా ఆ కొక్కెం మీదే వస్తాయి. సీతాఫలం కుటుంబంలో ఇలాంటి ఆకులున్న మొక్కలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఆకును చూసి నమ్మొద్దు. మరీ లేత మొక్కకు కొక్కేలు ఉండవు. అప్పుడు తల్లి మొక్కను చూపించమని అడగండి. కడియం, కడియపులంక వైపు వెళ్లేవాళ్లకు అక్కడి నర్సరీల్లో వెతికితే దొరుకుతుంది. మనోరంజితం అని అడిగితే త్వరగా అర్థం చేసుకుంటారు. అంటు మొక్కా, గింజ మొక్కా అన్నది కూడా తప్పకుండా అడగండి. అంటుదైతే రెండు మూడేళ్లలో పువ్వు చూస్తారు, గింజదైతే ఇంకా చాలా ఆగాలి.

ఎప్పుడు, ఎలా నాటాలి?

మంచి వానలు రెండు పడ్డాక, అంటే జూన్ చివరి నుంచి ఆగస్టు లోపు. రెండడుగుల గొయ్యి తవ్వి పది రోజులు ఆరనివ్వండి. తవ్విన ఎర్రమట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపితే చాలు. పచ్చి పేడ వేయకండి, వేడికి లేత వేళ్లు దెబ్బతింటాయి. గోడకు రెండడుగుల దూరం ఇవ్వండి.

నల్లరేగడి నేల అయితే గొయ్యిలో నాటొద్దు. వానాకాలంలో ఆ గొయ్యి తొట్టిలా నీళ్లు నిలబెడుతుంది. అడుగు ఎత్తు దిబ్బ పోసి, కొంచెం ఇసుక కలిపి, దాని మీద నాటండి. మామిడి చెట్టు కింద నాటేవాళ్లు మొదలుకు కనీసం ఐదడుగుల దూరంలో తవ్వండి. లావు వేరు తగిలితే దాన్ని నరక్కుండా గొయ్యినే పక్కకు జరపండి. పెద్ద చెట్టు వేళ్లు నీళ్లన్నీ లాగేస్తాయి, కాబట్టి అక్కడ మొదటి రెండేళ్లు నీళ్లు కాస్త ఎక్కువే కావాలి.

నీళ్లు ఎన్ని పోయాలి?

నీడలో మట్టి త్వరగా ఆరదు. మొక్క బతకాలన్న ఆత్రంతో రోజూ బకెట్ పోసేవాళ్లు దాన్ని చంపేస్తారు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి, తడి తగిలితే పోయకండి. మా మొక్కకు వేసవిలో వారానికి రెండుసార్లు, చలికాలంలో పది రోజులకోసారి, వానల్లో అసలు లేదు. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు నాలుగు అంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం ఆనకూడదు. చెట్టు కింద రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టే బదులు దీని మొదట్లో వేయండి. ఈ మొక్కకు అంతకంటే మంచి మేత లేదు.

ఆకులు పసుపు పచ్చగా అవుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఏం చేయాలి?

లేత ఆకులు ఇలా ఉంటే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, బోరు నీళ్లలోని సున్నం వల్ల మట్టి క్షారంగా మారి, ఉన్న ఇనుమును వేరు తీసుకోలేకపోతుంది. హైదరాబాద్‌లో, రాయలసీమలో ఉప్పు బోర్లున్న ఇళ్లలో ఇది మామూలు. కోనసీమలో కాలవ నీళ్లు తాగిన పొదకు ఈ జబ్బు నేనెప్పుడూ చూడలేదు. హైదరాబాద్ వచ్చాకే తెలిసింది.

లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం తేడాతో రెండు మూడుసార్లు చేయాలి. కలిపిన నీళ్లు అప్పటికప్పుడు వాడేయాలి, నిలవ ఉంచితే పని చేయదు. గోడల మీద, బండల మీద పడకుండా చూసుకోండి, తుప్పు మరక పోదు. ఇది పైపూత వైద్యమే. అసలు వైద్యం వాన నీళ్లు. మేడ మీద నుంచి వచ్చే పైపును ఒక డ్రమ్ములోకి తిప్పి, ఆ నీళ్లు ఈ మొక్కకు పోయడం మొదలుపెట్టాక నాకు పిచికారీ అవసరం బాగా తగ్గింది.

ముదురు ఆకులు అడుగునుంచి పసుపుబారి రాలుతుంటే అది వేరే సంగతి. చాలాసార్లు నీళ్లు ఎక్కువవడమే కారణం.

పూసింది, కానీ వాసనే లేదు. మాది వాసన లేని రకమా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లందరినీ నేను తిరిగి ఒకటే అడుగుతాను: కోసి చూశారా, ఆగి చూశారా? దాదాపు అందరూ కోసినవాళ్లే.

ఈ పువ్వు పుట్టడమే ఆకుపచ్చగా పుడుతుంది. ఆకుల్లో కలిసిపోయి కనబడదు, ఆకుసంపెంగ అనే మాట దానికి సరిగ్గా అతుకుతుంది. మందమైన ఆరు రేకులు, బయట మూడు, లోపల మూడు. ఆకుపచ్చగా ఉన్నన్నాళ్లు పెద్దగా వాసన ఉండదు. కొన్ని రోజులకు మెల్లగా లేత పసుపుకు తిరుగుతుంది. అప్పుడు వస్తుంది ఆ సువాసన, పండిన పండులా, ఒక్క పువ్వుతో సందంతా నిండిపోయేంతగా. పచ్చిగా కోసిన పువ్వు ఇంట్లో పెడితే పసుపు రంగు రావచ్చు, కానీ చెట్టున పండినదానికీ దానికీ చాలా తేడా. పచ్చి మామిడి కోసి పుల్లగా ఉందంటే ఎలా?

సాయంత్రం చీకటి పడే వేళ వెళ్లండి. కళ్లతో వెతక్కండి, ముక్కుతో వెతకండి. వాసన ఎటు చిక్కగా ఉందో అటు వెళ్లి ఆకులు ఎత్తి చూస్తే పసుపు పువ్వు దొరుకుతుంది. మా చిన్నప్పుడు పిల్లలందరికీ అమ్మమ్మ అప్పగించిన పని ఇదే. దొరికిన పువ్వు ఆవిడ జడలో ఒకటి, బట్టల ట్రంకుపెట్టెలో ఒకటి. ఒక్క పువ్వు చాలు, మాల కట్టే పువ్వు కాదిది. గిన్నెలో నీళ్లు పోసి వేసినా గదికి సరిపోతుంది.

మనసులో ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వస్తుందంటారు, నిజమేనా?

మనోరంజితం అనే పేరు వెనక ఉన్న నమ్మకం ఇది. నేనూ నమ్మాను, ఇప్పటికీ పిల్లలకు అలాగే చెప్పి పువ్వు చేతిలో పెడతాను. ఒకరు అనాస అంటారు, ఒకరు యాపిల్ అంటారు, మా ఇంట్లో అరటి అంటారు. దీనికి కారణం ఉంది. పళ్లకు వాసననిచ్చే ఎస్టర్లు అనే పదార్థాలే ఈ పువ్వులోనూ ఉంటాయి. అనేక పళ్లలో కలిసి ఉండేవి కాబట్టి, మనసులో ఉన్న పండుకు దగ్గరగా ఏదో ఒకటి తగులుతుంది. ఆ పండు వాసన మన కోసం కాదు, చిన్న చిన్న పెంకు పురుగుల కోసం. అవి వాసనకు లోపలికి దూరి పుప్పొడి మోస్తాయి. పువ్వు విప్పితే నల్లటి చిన్న పురుగు కనబడితే చీడ అనుకోకండి.

నాలుగేళ్లయింది, ఒక్క పువ్వూ లేదు.

వెలుతురు తక్కువా, గింజ మొక్కా, కత్తిరింపు ఎక్కువా, ఈ మూడింట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. నాలుగోది యూరియా. పచ్చగా ఏపుగా ఉండి పూయకపోతే నత్రజని ఆపేసి, ఏడాదికి రెండుసార్లు మాగిన ఎరువుతో పాటు గుప్పెడు బూడిద వేయండి. క్షార నేల ఉన్నవాళ్లు బూడిద మాత్రం మానేయాలి, ఇనుము లోపం ఇంకా పెరుగుతుంది.

ఈ పొదకు పాములు వస్తాయంటారు. పిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది.

ఈ ఒక్క భయంతో ఎన్ని పాత పొదలు నరికేశారో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. పాము పూల వాసనకు రాదు. ఎలుక కోసం, కప్ప కోసం, చల్లటి చీకటి చోటు కోసం వస్తుంది. నేలదాకా కమ్ముకున్న ఏ గుబురైనా, మల్లె పొదైనా, కట్టెల మోపైనా దానికి ఒకటే. కాబట్టి పొదను కాదు, పొద మొదలును చూసుకోండి. కింది నుంచి రెండడుగుల దాకా కొమ్మలు తీసేసి కాండం కనబడేలా ఉంచండి. దగ్గర్లో ఇటుకల కుప్పలు, పాత సామాను పెట్టకండి. పువ్వు కోసం చీకట్లో వెళ్లేటప్పుడు టార్చి, చెప్పులు తప్పనిసరి. మా ఇంట్లో ఇన్నేళ్లుగా పిల్లలు ఆ పొద కిందే ఆడుకుంటున్నారు.

పొదలా ఉంచాలా, తీగలా పాకించాలా?

వదిలేస్తే చెట్టెక్కి రెండంతస్తుల ఎత్తుకు పోతుంది, పూలు అందవు. ఇంటి పెరట్లో ఐదారడుగుల పొదగా ఉంచడమే నాకు నచ్చుతుంది. వానాకాలంలో కొరడాల్లా పొడుగ్గా సాగే కొమ్మలను ఎప్పటికప్పుడు మూడో వంతు తగ్గించండి. పెద్ద కత్తిరింపు మాత్రం ఏడాదికి ఒక్కసారి, పూత బాగా తగ్గాక చేయండి. కొక్కేలున్న కొమ్మలను వీలైనంత వరకు ముట్టుకోకండి, పూలు వచ్చేది వాటి మీదే. కోతకు గ్లవ్స్ వేసుకోండి, కొక్కెం చీర కొంగు పట్టిందంటే ఒకంతట వదలదు.

కుండీలో వస్తుందా?

వస్తుంది. పద్దెనిమిది అంగుళాలకు తగ్గని కుండీ, లేదా సగానికి కోసిన డ్రమ్ము కావాలి. తూర్పు బాల్కనీ మంచిది. రెండేళ్లకోసారి పై మట్టి నాలుగు అంగుళాలు తీసి కొత్త ఎరువు నింపండి. నేల మీద మొక్కంత పూస్తుందని ఆశపడకండి.

ఆకులు పురుగులు తినేస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?

ముందు ఆ పురుగును చూడండి. నున్నటి ఆకుపచ్చ గొంగళి అయితే దయచేసి మందు కొట్టకండి. అది నల్ల రెక్కల మీద ఆకుపచ్చ మచ్చలుండే పెద్ద సీతాకోకచిలుక పిల్ల. పువ్వు మీద వాలినా రెక్కలు ఆడిస్తూనే ఉండేది ఉంటుందే, అదే. సీతాఫలం, నరమామిడి, ఆకుసంపెంగ లాంటి వాటి ఆకులే దాని తిండి. నాలుగు ఆకులు పోతే పొదకు ఏమీ కాదు, రెండు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. మా సందులోకి ఆ సీతాకోకచిలుకలు వచ్చింది ఈ పొద పెరిగాకే.

తెల్లటి పిండినల్లి, గోధుమ రంగు పొలుసు పురుగు, ఆకుల మీద నల్లటి మసి, వాటి వెంట చీమల బారు: గాలి ఆడని నీడలో వచ్చే అసలు బెడద ఇది. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. వారానికోసారి మూడు వారాలు చేయాలి. లోపలి కొమ్మలు కొన్ని తీసి గాలి ఆడనిస్తే సగం సమస్య అక్కడే పోతుంది.

కాయలు తినొచ్చా? మందుగా వాడతారా?

కాయలు గుత్తులుగా వస్తాయి, పచ్చిగా ఉన్నప్పుడు పెద్ద ద్రాక్షల్లా ఉంటాయి, పండితే పసుపవుతాయి. లోపలంతా గింజే. తినే పండు కాదు, పిల్లలను నోట్లో పెట్టుకోనివ్వకండి. దీని వేళ్ల నుంచి 1979లో చైనా శాస్త్రవేత్తలు యింగ్‌జావోసు-ఎ అనే పదార్థాన్ని వేరు చేశారు, మలేరియా మందుల పరిశోధనలో దానికి పేరుంది. అంతమాత్రాన ఇంట్లో కషాయం కాచుకోవద్దు.

వాసన చూసిన పువ్వు దేవుడికి పెట్టకూడదు కదా. మరి వాసనతోనే వెతికే పువ్వును ఎలా పెట్టాలి?

అమ్మమ్మను నేనూ ఇదే అడిగాను. "మనం ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే తప్పు, అదే గాలికొస్తే తప్పేముందే" అంది. మా ఇంట్లో శుక్రవారం దొరికిన పువ్వు దేవుడి గదికే వెళ్తుంది.

అమెరికాలో ఉంటాం. పెంచగలమా?

మంచు పడితే బతకదు. దక్షిణ ఫ్లోరిడాలో నేల మీదే పెరుగుతుంది. చలి ఉన్న రాష్ట్రాల్లో కుండీలో పెంచి చలికాలం లోపలికి తెచ్చుకోవాలి. సూట్‌కేసులో మొక్క, గింజలు పెట్టుకుని వెళ్లకండి, వాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అక్కడి నర్సరీల్లో క్లైంబింగ్ యిలాంగ్ యిలాంగ్ అనే పేరుతో వెతకండి.

అంటు ఎలా కట్టాలి?

కొమ్మ గుచ్చితే నాటుకోవడం కష్టం. గింజ మొలవడానికి నెలలు పడుతుంది. కొమ్మను నేలకు వంచి కట్టే నేలంటు సులువు. జూలైలో పెన్సిలు మందం ఉన్న కింది కొమ్మను నేలకు వంచండి. నేల తగిలే చోట అంగుళం మేర చుట్టూ బెరడు తీసి, ఆ భాగాన్ని మట్టి, ఎరువు కలిపిన చిన్న గుంటలో పెట్టి కప్పి, పైన ఇటుక ఉంచండి. కొమ్మ కొస మాత్రం బయటే ఉండాలి. తడి ఆరనివ్వకండి. సంక్రాంతి నాటికి ఇటుక తీసి మెల్లగా లాగి చూడండి, పట్టు తెలిస్తే వేళ్లు వచ్చినట్టే. అప్పుడు తల్లి వైపు సగం దాకా కోసి, రెండు వారాలాగి మిగతా సగం కోయండి. ఒకేసారి తెంపితే చాలా అంట్లు వాడిపోతాయి. కుండీలోకి మార్చి, వచ్చే వానలదాకా ఆ తల్లి నీడలోనే ఉంచండి.